బండ పక్కన అద్దాల మేడ: హైదరాబాద్‌లో ల్యాండ్‌స్కేప్ వేసే చిత్రకారుల ముందున్న చిక్కు

సంక్షిప్తంగా

హైదరాబాద్‌లో ప్రకృతినీ నగరాన్నీ విడదీసి గీయడం కష్టం. ఇక్కడి చెరువులు మనుషులు కట్టినవి. ఇక్కడి కోట గోడల్లో బండలు భాగం. అందుకే ఈ ఊళ్లో ల్యాండ్‌స్కేప్ (ఒక చోటు దృశ్యచిత్రం) వేసేవారు ముందుగా తేల్చుకోవాల్సింది ఫ్రేములో దేన్ని ఉంచాలి, దేన్ని వదిలేయాలి అన్న విషయం. బండలు, నీళ్లు, అద్దాల గోడలు, ఫ్లైఓవర్లు కుంచె పనిని ఎలా మారుస్తున్నాయి, కొనేవారి ఇష్టాలు, ఫోన్ కెమెరాలు, ఏఐ బొమ్మలు ఆ నిర్ణయాన్ని ఎటు నెడుతున్నాయి అన్నది ఈ వ్యాసంలో చూడవచ్చు.

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో జేసీబీలు దిగాయి. చెట్ల కొట్టివేతను ఆపాలని ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రోజుల్లో జనం ఫోన్లలో ఫోన్ వీడియోలు, ఉపగ్రహ చిత్రాలు, ఏఐతో చేయించిన బొమ్మలు కలగాపులగంగా తిరిగాయి. పుట్టగొడుగు ఆకారపు బండ మష్రూమ్ రాక్ ముందు జేసీబీలు, వాటికి ఎదురుగా నెమళ్లు, జింకలు ఉన్న గిబ్లీ (జపాన్ యానిమేషన్ స్టూడియో) తరహా బొమ్మ చాలామందికి గుర్తుండిపోయింది. ఏది అసలు, ఏది ఫేక్ అన్న వాదన పోలీసు నోటీసుల దాకా వెళ్లింది.

ఆ గొడవలో ఒక పాత ప్రశ్న మళ్లీ పైకి వచ్చింది. ఒక చోటును చూపించే బొమ్మను ఏమని నమ్మాలి? ఉన్నది ఉన్నట్టు చూపించాలని అడగాలా, చూసినవారి మనసులో ఏం కదిలిందో చూపిస్తే చాలనుకోవాలా? ల్యాండ్‌స్కేప్ వేసే చిత్రకారులు కాగితం ముందు కూర్చున్న ప్రతిసారీ దీనికి ఏదో ఒక జవాబు చెప్పుకుంటూనే ఉంటారు. హైదరాబాద్‌లో ఆ జవాబు మరీ కష్టం. కారణం ఈ ఊరి నేల స్వభావంలోనే ఉంది.

చెరువు కట్టిందే, కోటలో బండే

ట్యాంక్‌బండ్ మీది నుంచి సూర్యాస్తమయం వేసిన చిత్రాన్ని చూసి ఎవరైనా ప్రకృతి చిత్రమనే అంటారు. కానీ హుస్సేన్‌సాగర్ 1560ల్లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టించిన చెరువు. వీకెండ్‌లో జనం పచ్చదనం కోసం వెళ్లే గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1908 మూసీ వరదల తర్వాత ఊరిని కాపాడటానికి కట్టిన జలాశయం. అది 1920లో పూర్తయింది. దానికి జంటగా హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. ఊరి చుట్టూ ఉన్న గొలుసుకట్టు చెరువులన్నిటికీ కట్ట ఉంది, తూము ఉంది, అలుగు ఉంది. ఒక చెరువు నిండితే నీళ్లు కింది చెరువుకు పోయేలా ఎప్పుడో ఎవరో లెక్కవేసి కట్టారు.

గోల్కొండ దగ్గర ఇదే విషయం తిరగేసి కనిపిస్తుంది. కోట గోడ కొండ ఎక్కేటప్పుడు దారిలో పెద్ద బండ అడ్డువస్తే, కట్టినవాళ్లు దాన్ని తీసేయలేదు. గోడను బండ దాకా తెచ్చి ఆపి, బండనే గోడగా వాడుకుని, అవతలి పక్క నుంచి మళ్లీ కట్టుకుంటూ పోయారు. అక్కడ కూర్చుని స్కెచ్ వేసేవారికి చెక్కిన రాయి ఎక్కడ అయిపోయింది, పుట్టిన రాయి ఎక్కడ మొదలైంది అన్నది వెంటనే తెలియదు. దగ్గరికి వెళ్లి సున్నపు అతుకులు చూస్తే గానీ అంతుచిక్కదు.

ఇప్పటి నగరంలో వరస మారింది. గోల్కొండలో బండ కోసం గోడ ఒదిగింది. గచ్చిబౌలి, ఖాజాగూడ, మణికొండ వైపు గోడ కోసం బండ పగిలింది. సమకాలీన చిత్రకారుడు ఈ రెండింటి మధ్య నిలబడి బొమ్మ వేయాలి. భవనాలను తీసేసి బండను మాత్రమే వేస్తే అందమైన చిత్రం వస్తుంది, కానీ అది ఇప్పుడు ఎక్కడా లేని చోటవుతుంది. భవనాలు మాత్రమే వేస్తే అది ఏ నగరమైనా కావచ్చు.

బండను గీయడం ఎందుకు కష్టం

హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో చల్లబడి గట్టిపడిన ఈ రాయిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు ఏర్పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగి రాయిని లోపలే మెత్తబరిచింది. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి అవి ముందు అరిగాయి. అలా చదరపు దిమ్మెలు నేల అడుగునే గుండ్రబడ్డాయి. తర్వాత లక్షల ఏళ్లలో పైమట్టి వానలకు కొట్టుకుపోయింది. గుండ్రటి బండలు మాత్రం ఉన్నచోటే మిగిలాయి. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుట్టలు నిజానికి ఒకే రాయి. పగిలి, అరిగి, కదలకుండా అక్కడే నిలిచింది.

ఈ సంగతి చిత్రకారుడికి ఎందుకు? పని అక్కడే ఉంది కాబట్టి. పక్కపక్కన ఉన్న రెండు బండల మీది పగుళ్లను జాగ్రత్తగా చూస్తే, చాలాసార్లు ఒక బండలోని గీత పక్క బండలోనూ అదే వాలులో సాగుతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఒక్కో బండను విడిగా, ఇష్టం వచ్చిన కోణంలో గుండ్రంగా వేసి పేరుస్తారు. ఆ బొమ్మలో బరువు ఉండదు, ఎక్కడో ఏదో తేడా కొడుతుంది. పగులు వాలును ముందుగా పట్టుకుని, దాని మీద బండలను కూర్చుకుంటూ పోయిన చిత్రంలో గుట్ట నేలలో నాటుకుని నిలబడుతుంది.

రంగు విషయమూ అంతే. దూరం నుంచి బూడిద రంగు అనిపించే రాయిలో గులాబీ ఛాయ ఉంటుంది. అది అందులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజానిది. ఎండకు, వానకు మాగిన పైపొర గోధుమ రంగుకు తిరుగుతుంది. వాన నీరు జారే దారుల్లో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి చారలు పడతాయి. గోల్కొండ, బీజాపూర్ సుల్తానుల కాలపు దక్కనీ సూక్ష్మచిత్రాల్లో (మినియేచర్లలో) కొండలను లేత ఊదా, గులాబీ రంగుల్లో వేయడం చూసి చాలామంది అదంతా ఊహ అనుకుంటారు. జనవరి ఉదయం ఏడు గంటలకు ఖాజాగూడ గుట్టల మీద పడే వెలుగును చూసినవారు అలా అనుకోరు.

వెలుగు కూడా ఇక్కడ ఒక షరతు పెడుతుంది. ఏటా మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. నిలువుగా ఉన్న వస్తువు నీడ దాని కిందకే చేరుతుంది. ఆ వేళ గుండ్రటి బండ కూడా చప్పిడిగా, పలకలా కనిపిస్తుంది. ఎండాకాలంలో పొద్దున్నే, లేదా సాయంత్రం నాలుగున్నర దాటాకే స్కెచ్‌కు కూర్చోవడానికి వేడి ఒక్కటే కారణం కాదు. బండ ఆకారం చేతికి చిక్కేది ఆ వేళల్లోనే.

ఇక పగలగొట్టిన బండ. డ్రిల్లింగ్ చేసిన చోట సగం గొట్టాల్లా నిలువు గాట్ల వరుస మిగులుతుంది. సమ్మెట, ఉలితో చీల్చిన చోట చిన్న రంధ్రాల వరుస కనిపిస్తుంది. కొత్తగా తెగిన ముఖం పాలిపోయి, చదునుగా, పదును అంచుతో ఉంటుంది. అదే రాయి వెనక వైపు గోధుమ రంగులో గుండ్రంగా ఉంటుంది. కోట్ల ఏళ్లు అరిగిన వంపు, నిన్నమొన్న తెగిన గీత రెండూ ఒకే రాయి మీద పక్కపక్కనే నిలిచిన ఈ దృశ్యం నేటి హైదరాబాద్ ల్యాండ్‌స్కేప్‌కు అన్నిటికంటే నిజమైన గుర్తు. చిత్రకారులు దాన్ని మామూలుగా తప్పించుకుంటారు, గుండ్రటి వైపుకే వెళ్లి కూర్చుంటారు. అలా తప్పించుకోవడంలో చిత్రకళ చాలా పోగొట్టుకుంటోంది.

తుక్కు కార్ల నుంచి కొలను దాకా

నగరం, ప్రకృతి రెండింటినీ ఒకే చేతితో వేసిన హైదరాబాద్ చిత్రకారుల్లో సూర్యప్రకాశ్‌ను ముందు చెప్పుకోవాలి. 1940లో పుట్టి 2019లో కన్నుమూసిన ఆయన హైదరాబాద్‌లో చిత్రకళ చదివి, ఢిల్లీలో రామ్ కుమార్ దగ్గర పని నేర్చుకున్నారు. రామ్ కుమార్ 1960ల్లో వారణాసిని మనుషులు లేకుండా, మెట్లు, గోడలు, నీళ్లు రంగు పలకలుగా మారిపోయేలా చిత్రించినవారు. ఒక చోటును గుర్తుపట్టేలా వేయకుండానే ఆ చోటు బరువును కాన్వాస్ మీదికి తేవచ్చన్న పాఠం అక్కడ ఉంది.

సూర్యప్రకాశ్‌కు ముందుగా పేరు తెచ్చింది పారేసిన మోటారు వాహనాలు. 1960ల్లో ఆయన తుప్పు పట్టిన కార్ల భాగాలను, విరిగిన ఇనుమును కాన్వాస్‌కు ఎత్తారు. తర్వాత క్రమంగా నేల వైపు, చెట్ల వైపు, చివరికి నీళ్ల వైపు వెళ్లారు. నీటి మీద పడిన ఆకుల నీడలు, తేలే ఆకులు, అడుగున కనిపించే చీకటి ఆయన గుర్తుగా మారాయి.

నగరం మీద విసుగు పుట్టి ప్రకృతిలోకి వెళ్లిపోయారని ఈ ప్రయాణానికి తేలికైన వివరణ ఇవ్వవచ్చు. చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే అది సరిపోదు. తుక్కు కారులో ఆయన చూసింది ఒక ఆకారం కరిగిపోతున్న తీరు. తుప్పు ఇనుము అంచును తినేస్తుంది, బానెట్టు ఎక్కడ ఆగిందో నేల ఎక్కడ మొదలైందో తెలియదు. నీటిలోనూ జరిగేది అదే. కొమ్మ ఎక్కడ ఆగింది, దాని నీడ ఎక్కడ మొదలైంది, ఆ నీడ కింద కుళ్లుతున్న ఆకు ఏది అన్నది కలిసిపోతుంది. సబ్జెక్టు మారినా చూపు మారలేదు. అంచులు చెదిరిపోయే చోటు మీదే ఆయన చూపు నిలిచింది.

కొలను చిత్రాలనగానే ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గుర్తుకు రావడం సహజం. ఇద్దరికీ ఒక పోలిక ఉంది. ఆకాశపు గీతను ఫ్రేము నుంచి తీసేసి, ఆకాశాన్ని నీళ్లలో మాత్రమే చూపించడం. ఇక్కడ తేడా కూడా చెప్పుకోవాలి. మోనే ఫ్రాన్స్‌లోని జీవెర్నీ అనే ఊళ్లో తన కొలనును తానే తవ్వించుకుని, తామరలు నాటించి, తోటమాలితో బాగు చేయించి వేశారు. హైదరాబాద్ చిత్రకారుడికి దొరికేది ఊరందరి చెరువు. దాని నీటి మట్టం, రంగు, వాసన ఆయన చేతిలో ఉండవు. నగరం ఏం వదిలితే అదే ఆ నీళ్లలో ఉంటుంది. అందుకే ఈ ఊళ్లో నిశ్చలమైన, తేటైన కొలనును వేయడమంటే చాలావరకు మనసులో ఉన్న కొలనును వేయడమే.

ఇదే తరానికి కొంచెం ముందు కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్న గీతను, వాష్‌ను (నీళ్లు కలిపిన రంగును పలచటి పొరగా పరిచే పద్ధతి) హైదరాబాద్‌కు తెచ్చారు. ఇక్కడి ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఎందరికో పాఠం చెప్పారు. అదే కాలేజీలో చదివి బరోడా వెళ్లి వచ్చిన లక్ష్మా గౌడ్ గీతల్లో తెలంగాణ పల్లె, మేకలు, రాతి నేల విడదీయరానంతగా అల్లుకుంటాయి. ముగ్గురి దారులు వేరు. నేలను మనుషుల వెనక వేలాడదీసిన తెరలా మాత్రం ఎవరూ చూడలేదు.

నీటి నీడ, అద్దం నీడ

ఇప్పటి నగరం ప్రతిబింబాల నగరం. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో మొదలైన తర్వాత పాతికేళ్లలో పడమటి హైదరాబాద్ నిండా అద్దాల గోడలు లేచాయి. ఒకప్పుడు ఆకాశాన్ని కిందికి దించే పని చెరువు ఒక్కటే చేసేది. ఇప్పుడు ఆ పనిలో సగం భవనాలు చేస్తున్నాయి. రెండూ ప్రతిబింబాలే అయినా వాటిని వేసే పద్ధతి వేరు.

నీటిలో నీడ వస్తువును అచ్చంగా తలకిందులు చేసిన నకలు కాదు. గట్టు మీద ఉన్నవారి కన్ను నీటికి ఎంత ఎత్తులో ఉందో, నీటి కింద అంతే లోతు నుంచి చూస్తే వస్తువు ఎలా కనిపిస్తుందో నీడ అలా కనిపిస్తుంది. 2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిని గట్టు మీది నుంచి చూస్తే, నీటిలో వంతెన అడుగు భాగం నేరుగా చూసినదానికంటే ఎక్కువ కనిపించేది అందుకే. ఫోటోను తిప్పి కాపీ చేసిన చిత్రంలో ఇది తప్పిపోతుంది, నీరు అద్దం ముక్కలా గట్టిగా తయారవుతుంది. టోన్ (వెలుగు, చీకటి పాళ్లు) కూడా మారుతుంది. వెలుగున్న వస్తువు నీటిలో కాస్త మసకబారుతుంది, చీకటి వస్తువు కాస్త తేలికవుతుంది. అల కదిలితే నీడ కిందికి సాగుతుంది, అడ్డంగా తెగుతుంది. నీటి నీడకు ఒక దిశ ఉంటుంది, అది చూసేవారి వైపుకే జారుతుంది.

అద్దం గోడకు ఆ దిశ లేదు. పలకలన్నీ సమానంగా బిగించినట్టు కనిపిస్తాయి గానీ ఒక్కో పలక వెంట్రుకవాసి వేరే కోణంలో ఉంటుంది, మధ్యలో కొద్దిగా ఉబ్బో సొట్టో ఉంటుంది. అందుకే ఎదుటి భవనం నిలువు గీత ఒక పలకలో ఎడమకు వంగి, పక్క పలకలో కుడికి తెగి, కిందిదానిలో మళ్లీ అతుక్కుంటుంది. సాయంత్రం వేళ ఒక పలకలో మబ్బు, దాని పక్కదానిలో క్రేన్, ఇంకోదానిలో లోపలి ట్యూబ్‌లైట్ కనిపిస్తాయి. వాటర్ కలర్‌లో ఒకే వాష్‌తో నీటిని పట్టుకోవచ్చు. అద్దానికి ఆ పద్ధతి పనికిరాదు. ప్రతి గడికీ అంచు కావాలి, మాస్కింగ్ టేపు, ఆక్రిలిక్, ఓపిక కావాలి. నగర దృశ్యాలు వేసేవారు ఆక్రిలిక్ వైపు మళ్లడానికి త్వరగా ఆరుతుందన్న సౌలభ్యంతో పాటు ఇలాంటి పదును అంచు అవసరం కూడా కారణమే.

బండ తన రంగును తనే మోస్తుంది. అద్దం మేడకు సొంత రంగు లేదు, చుట్టూ ఉన్నది పోతే దాని రంగూ పోతుంది. ఎదురుగా గుట్ట ఉన్నంతకాలం ఆ గోడలో గుట్ట కనిపిస్తుంది. గుట్ట స్థానంలో ఇంకో మేడ లేస్తే అద్దంలో అద్దమే మిగులుతుంది. ఐటీ కారిడార్‌లో చాలా చోట్ల ఇప్పటికే ఆ పరిస్థితి వచ్చింది. వేయడానికి అక్కడ గీతలు ఎన్ని ఉన్నా, పట్టుకోవడానికి రంగు దొరకదు.

ఎక్కడ నిలబడి చూడాలి

ల్యాండ్‌స్కేప్‌లో మొదటి నిర్ణయం రంగు గురించి కాదు, నిలబడే చోటు గురించి. పాత పద్ధతిలో చిత్రకారుడు నేల మీద నిలబడతాడు. ఎదురుగా ఆకాశం, నేల కలిసే గీత ఉంటుంది. దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవై, పాలిపోయి, నీలంలోకి తిరుగుతాయి. హైదరాబాద్‌లో ఈ మూడూ దెబ్బతిన్నాయి. టవర్ల వల్ల ఆకాశపు గీత కనిపించదు. దుమ్ము, పొగ వల్ల దూరం నీలం బదులు పసుపు కలిసిన బూడిద రంగుకు తిరుగుతుంది. నేల మీద తీరిగ్గా నిలబడే చోటు దొరకడమే కష్టం.

బదులుగా కొత్త చోట్లు వచ్చాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తే కన్ను మేడల కప్పుల ఎత్తులో ఉంటుంది. నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు, డిష్ యాంటెనాలు, మధ్యలో ఒక మినారు, వెనక ఒక గుట్ట అంచు. మెట్రో కిటికీ నుంచి కూడా ఇదే ఎత్తు. ఇంతకుముందు ఏ చిత్రకారుడికీ దొరకని చూపు ఇది. అక్కడ ఆగి స్కెచ్ వేయడం మాత్రం కుదరదు. కదులుతూ చూడాలి, గుర్తుపెట్టుకోవాలి, ఇంటికి వచ్చి వేయాలి. దాంతో చిత్రంలోకి ఒకే క్షణం బదులు చాలా క్షణాలు వస్తాయి.

ఇక్కడే పాత దక్కనీ పద్ధతి కొత్తగా ఉపయోగపడుతుంది. గోల్కొండ, బీజాపూర్ చిత్రకారులు ఒకే చోటు నుంచి చూసినట్టు వేసేవారు కాదు. తోటను పై నుంచి, మేడను ఎదురుగా, కొండను పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పెట్టేవారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో, జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలో ఆ సంప్రదాయపు చిత్రాలు ఉన్నాయి. కింద రోడ్డు, పైన ఫ్లైఓవర్, దానిపైన మెట్రో, పక్కన బస్తీ, వెనక గుట్ట ఉన్న చోటును ఒకే కంటి కోణంలో బిగిస్తే ముందున్న పిల్లరు మిగతావాటినన్నిటినీ కప్పేస్తుంది. పొరలుగా విప్పి పేర్చితే అన్నిటికీ చోటు దొరుకుతుంది.

దేశంలో మరికొందరు ఈ దారిలో నడిచారు. బరోడాలో గులాం మొహమ్మద్ షేక్ 1981-84 మధ్య వేసిన ‘సిటీ ఫర్ సేల్’లో నగరంలోని వీధులు, గొడవలు, సినిమా హాలు ఒకే కాన్వాస్ మీద అనేక కోణాల నుంచి తెరుచుకుంటాయి. సూక్ష్మచిత్రాలను ఆయన లోతుగా చదువుకున్న ఫలితం అందులో కనిపిస్తుంది. వృత్తిరీత్యా రేడియాలజిస్ట్ అయిన సుధీర్ పట్వర్ధన్ ముంబై, థానేలను దశాబ్దాలుగా వేస్తూ, మిల్లుల ప్రాంతం టవర్లుగా మారడాన్ని మనుషుల నడకల మధ్య నుంచి చూపించారు. ఇద్దరూ నగరాన్ని వేశారు. హైదరాబాద్ చిత్రకారుడికి వారిద్దరికీ లేని ఒక అదనపు భారం ఉంది. ఇక్కడ ట్రాఫిక్ సిగ్నల్ పక్కనే 250 కోట్ల ఏళ్ల రాయి ఉంటుంది. ఆ రెండు కాలాలనూ ఒకే బొమ్మలో ఇరికించకుండా నిలబెట్టాలి.

పచ్చగా ఉన్న ప్రతిదీ పచ్చదనం కాదు

నగర చెరువుల చిత్రాల్లో తరచూ కనిపించే ఒక పొరపాటు ఉంది. చెరువు నిండా పరుచుకున్న ఆకుపచ్చ దుప్పటి, మధ్యలో ఊదా పూలు, ఒడ్డున కొంగ. చూడటానికి చక్కటి ప్రకృతి దృశ్యం. కానీ ఆ పచ్చదనం గుర్రపు డెక్క. మురుగు నీటితో చెరువులోకి చేరే నత్రజని, ఫాస్ఫరస్ దానికి ఎరువు. అది నీటిని కప్పేస్తే లోపలికి వెలుగు దిగదు, ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు చస్తాయి. అంటే చెరువు ఎంత పచ్చగా ఉంటే అంత జబ్బుతో ఉన్నట్టు.

చిత్రకారుడు పర్యావరణ నివేదిక రాయనక్కరలేదు. అయినా తాను వేస్తున్నదేమిటో తెలిసి వేయడానికీ తెలియక వేయడానికీ తేడా వస్తుంది. గుర్రపు డెక్క ఆకు మందంగా, నిగనిగలాడుతూ, ఉబ్బిన కాడల మీద నీటికి పైకి లేచి నిలుస్తుంది. కలువ ఆకు నీటి మీద చదునుగా వాలుతుంది, దాని చుట్టూ నీరు కనిపిస్తుంది. ఈ తేడాను పట్టుకున్న చిత్రంలో నీరు ఊపిరాడక ఉన్న సంగతి మాట లేకుండానే తెలుస్తుంది. దాన్ని కలువ కొలనులా మెత్తబరిచిన చిత్రం చూసేవారికి తప్పుడు ఓదార్పు ఇస్తుంది.

సోఫా గోడ కొలతలు

చిత్రకారుడి నిర్ణయాలన్నీ కన్నుతో అయ్యేవి కావు. అమ్ముడుపోవాలి. హైదరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల సంఖ్య పెరగడంతో హాల్లో సోఫా పైన ఉండే గోడ ఒక పెద్ద కొనుగోలుదారుగా తయారైంది. ఆ గోడ అడ్డంగా పొడుగు. నగరం నిలువుగా పెరుగుతుంటే చిత్రాలు అడ్డంగానే అడగబడుతున్నాయి. అడ్డం ఫ్రేములో టవర్ పట్టదు, చెరువు పడుతుంది. ఫ్రేము ఆకారమే సగం సబ్జెక్టును నిర్ణయిస్తుంది.

మిగతా సగాన్ని వాస్తు నిర్ణయిస్తుంది. ఏడు గుర్రాల బొమ్మకు ఉన్న గిరాకీ అందరికీ తెలిసిందే. ల్యాండ్‌స్కేప్‌లోనూ నీరు ఈశాన్యం వైపు ఉండాలి, పారే నీరు ఇంట్లోకి వస్తున్నట్టు ఉండాలి, ఎండిన చెట్టు ఉండకూడదు, సూర్యుడు ఉదయిస్తుండాలి అన్న షరతులు వస్తాయి. పగలగొట్టిన బండకు, ఎండిన మూసీకి ఈ గోడల మీద చోటు లేదు. ఆఫీసులు, హాస్పిటళ్ల లాబీలు ప్రశాంతంగా ఉండే బొమ్మలను కోరడమూ అర్థం చేసుకోదగిందే, అక్కడికి వచ్చేవారు ముందే టెన్షన్‌లో ఉంటారు. ఫలితంగా మార్కెట్‌లో తిరిగే హైదరాబాద్ ల్యాండ్‌స్కేప్‌లో హైదరాబాద్ తగ్గుతూ పోతోంది.

దీనికి విరుగుడు సంస్థల మద్దతులోనే ఉంటుంది. సూర్యప్రకాశ్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌లో ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్‌గా, అంటే సంస్థ ఆదరణలో పనిచేసే చిత్రకారుడిగా ఉన్నారు. ప్రతి కాన్వాస్‌ను ఒక గోడ కొలతకు సరిపెట్టే అవసరం లేకపోతే చిత్రకారుడికి ఒకే నీటిని ఏళ్ల తరబడి చూసే వీలు కలుగుతుంది. అలాంటి ఏర్పాట్లు నగరంలో చాలా అరుదు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రైవేట్ గ్యాలరీలు ప్రదర్శనకు చోటిస్తాయి, పని చేసుకునే కాలాన్ని ఇవ్వడం వేరే విషయం.

గోడ అనగానే ఇంకో దారి గురించీ ఒక మాట. 2016లో నెక్లెస్ రోడ్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల గోడల మీద పెద్ద చిత్రాలు వేశారు. అక్కడ నగరం చిత్రానికి సబ్జెక్టుగా ఉండటం పోయి, అదే కాన్వాస్ అయింది. ఎండకు, వానకు ఆ రంగులు వెలుస్తాయి, ఇల్లుగలవారు గోడ మార్చుకుంటారు. ఆ చిత్రం నిలవాలా వద్దా అన్నది బస్తీ చేతిలో ఉంటుంది.

ఫోన్, ఏఐ, తేదీ వేసిన స్కెచ్

బయట కూర్చుని వేయడం తగ్గి, ఫోన్ ఫోటో చూసి స్టూడియోలో వేయడం పెరిగింది. ఎండ, ట్రాఫిక్, గేటు దగ్గర సెక్యూరిటీ అభ్యంతరం, చెరువు చుట్టూ కంచె అన్నీ ఇందుకు కారణాలే. ఫోన్ మామూలు లెన్స్ వెడల్పు కోణంలో చూస్తుంది. దాంతో దగ్గరి కాంపౌండ్ గోడ పెద్దదై, వెనకున్న గుట్ట కుంచించుకుపోతుంది. అక్కడ నిలబడిన మనిషి కంటికి గుట్ట అంత చిన్నగా అనిపించదు. మనసు దాన్ని ముందుకు లాగుతుంది. ఫోటోను నమ్మి వేసిన చిత్రంలో గుట్ట నిజంగా పోకముందే సగం పోతుంది. నీడల్లోని రంగు కూడా అంతే, ఫోన్ వాటిని నల్లగా ముద్ద చేస్తుంది లేదా లేని వెలుగు నింపుతుంది.

ఏఐ బొమ్మది ఇంకో రకం సమస్య. హైదరాబాద్ బండలు అని అడిగితే గుండ్రటి రాళ్లను అందంగా పేర్చి ఇస్తుంది. పగులు ఏ వాలులో ఉంది, ఏ రాయి ఏ రాయి నుంచి విడిపోయింది అన్నది దానికి పట్టదు. కంచ గచ్చిబౌలి గొడవలో ఏఐ బొమ్మలు జనం బాధను వేగంగా చేరవేశాయి, అదే సమయంలో అసలు వీడియోలను కూడా అనుమానించేందుకు వీలిచ్చాయి. ఒక చోటును కాపాడాలని వాదించేవారికి ఇది పెద్ద నష్టం. మనిషి వేసిన చిత్రంలోనూ కల్పన ఉంటుంది. కానీ ఫలానా రోజు ఫలానా చోట ఒక మనిషి కూర్చుని చూశాడన్న ఆధారం ఆ చిత్రం వెనక ఉంటుంది, అడిగితే ఆ మనిషి జవాబు చెప్పగలడు.

బండల విషయంలో ఆ ఆధారానికి విలువ ఉందని ఈ ఊరు ఒకసారి చూసింది. చిత్రకారులు, ఫోటోగ్రాఫర్లు, ప్రకృతి ప్రేమికులు కలిసి నడిపిన ప్రయత్నం నుంచే 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. కొన్ని బండల సముదాయాలు హుడా (అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) 13వ నిబంధన కింద వారసత్వ జాబితాకెక్కాయి. ఆ నిబంధనను 2015లో రద్దు చేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. జాబితాలు మారినప్పుడల్లా ఒక గుట్ట ఒకప్పుడు ఎలా ఉండేదో చూపించే బొమ్మల అవసరం పెరుగుతుంది.

ఇందులో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలకు చేయగలిగిన పని ఒకటి ఉంది. విద్యార్థులకు అవుట్‌డోర్ స్టడీ ఎలాగూ ఉంటుంది. ఆదివారాలు పుస్తకాలు పట్టుకుని తిరిగే స్కెచ్ బృందాలవారు కాగితం మూలన చోటు పేరు, తేదీ, వేళ రాసుకోవడం అలవాటుగా పెట్టుకున్నారు. అలాంటి స్కెచ్‌లు ఎక్కువగా వేసినవారి ఇళ్లలోనే ఉండిపోతున్నాయి. ఒకే గుట్టను, ఒకే చెరువు కట్టను ఏటా ఒకే చోటు నుంచి వేయించి, చోటు, తేదీలతో భద్రపరిస్తే, స్టేట్ గ్యాలరీ లాంటి చోట ఏళ్ల వరుసలో వేలాడదీయవచ్చు. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. డ్రాయింగ్ షీట్లు, వాటిని చెదలు పట్టకుండా దాచే బీరువా, ఏటా అదే నెలలో విద్యార్థులను అక్కడికి తీసుకెళ్లే ఒక టీచర్ ఉంటే మొదలుపెట్టవచ్చు.